సీసాలో సముద్రం



ఆమధ్య ఈ శీర్షికలో ఊరగాయ జాడీలు కడిగి ఆరబెట్టుకోవడం గురించి రాశాను కదా. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. "జాడీల సంగతి బాగానే ఉందండీ. మా కోడలు ఉద్యోగానికి వెళ్తుంది, మనవరాల్ని నేనే చూసుకుంటాను. సెల్‌ఫోను ముందు పెట్టకపోతే ముద్ద మింగదు, లాక్కుంటే గుక్కపట్టి ఏడుస్తుంది. మీ దగ్గర దీనికేమైనా చిట్కా ఉందా?" అని అడిగారు.

చదవగానే ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే మా ఇంట్లో ఆ అలవాటు తెచ్చిపెట్టింది ఎవరో కాదు, నేనే.

మా అమ్మాయిది హైదరాబాదులో ఉద్యోగం. అల్లుడుగారిది ఊళ్ళు తిరిగే పని. బాబుకి పదో నెల రాగానే మా దగ్గర వదిలి వెళ్ళారు. పదిహేను రోజులకోసారి శుక్రవారం రాత్రి గౌతమీ ఎక్కి శనివారం పొద్దున్నే సామర్లకోటలో దిగుతుంది. ఆదివారం రాత్రి మళ్ళీ బండి. తల్లి వెళ్ళిన మర్నాడు పిల్లాడు గుమ్మం వైపు చూసి ఏడుస్తుంటే నా ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు పొయ్యి మీద పప్పు మాడిపోతోంది, వీడు చంక దిగడు, మావారు బజారుకి వెళ్ళారు. గబుక్కున ఫోనులో ఏవో ఆవులూ కుక్కపిల్లలూ ఆడే పాట పెట్టి చేతికిచ్చాను. టక్కున ఏడుపు ఆపేశాడు. ఆ రోజు నాకు దేవుడు కనిపించినట్టే అనిపించింది. అంతే, అక్కడినించి పప్పుకీ ఫోనే, స్నానానికీ ఫోనే, నిద్రకీ ఫోనే.

రెండేళ్ళు నిండాయి. పక్కింటి పిల్ల వీడికంటే నెల చిన్నది, "తాతా, పాలు తే" అంటోంది. మావాడి నోట చూస్తే అయిదారు మాటలకి మించి లేవు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పి చూసేవాడు గానీ ఫోను చేతిలో ఉంటే అదీ లేదు. మా అమ్మాయి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెవులు పరీక్ష చేయించారు, బొమ్మలిచ్చి ఆడించి చూశారు. వినికిడి బాగానే ఉందన్నారు. "ఫోను పూర్తిగా ఆపండి. వీడితో మాట్లాడండి. మూడు నెలలాగి మళ్ళీ తీసుకురండి" అన్నారు. రెండేళ్ళ లోపు పిల్లలకి ఏ తెరా చూపించకూడదనీ, రెండు నించి నాలుగేళ్ళ దాకా రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందట. నాకేం తెలుసు? బయటికొచ్చాక మా అమ్మాయి ఆటోలో ఒక్క మాట అంది. "నేనే పెంచుకుంటే ఇలా అయ్యేది కాదేమోనమ్మా." నన్ను తిట్టడానికి అనలేదు, తనని తాను అనుకుంది. కానీ అది నాకే తగిలింది. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మళ్ళీ నోరు విప్పలేదు.

ఫోను మానిపించిన మొదటి నాలుగు రోజులూ ఎలా గడిచాయో రాయను. చూసినవాళ్ళకి తెలుస్తుంది. అయిదో రోజు నేను నూనె సీసా కడుగుతున్నాను. అడుగున కాస్త నూనె మిగిలింది, అందులో నీళ్ళు పోసి గిలక్కొడుతున్నాను. వీడు నా కాళ్ళ దగ్గర కూచుని రాగం తీస్తున్నవాడల్లా ఆగిపోయి సీసాకేసి చూశాడు. లోపల నూనె చుక్కలు ముత్యాల్లా పైకి లేస్తున్నాయి. నేను సీసా తిరగేశాను. అవి మళ్ళీ పైకే వచ్చాయి. వాడు చెయ్యి చాచాడు. మూత గట్టిగా బిగించి ఇచ్చాను. పావుగంట సేపు వంటింటి గచ్చు మీద కూచుని తిప్పుతూనే ఉన్నాడు. అన్నాళ్ళ తర్వాత ఆ పావుగంటా మా వంటింట్లో ఏ పాటా లేదు, ఏ ఏడుపూ లేదు.

సాయంత్రం అమ్మాయికి ఫోనులో చెబితే, "వాటిని సెన్సరీ బాటిల్స్ అంటారమ్మా, బొమ్మల షాపుల్లో అమ్ముతారు కూడా" అంది. కంటికీ చెవికీ చేతికీ పని చెప్పే సీసాలన్నమాట. పేరు కొత్తదే గానీ సంగతి పాతదే. మా నాయనమ్మ తాటాకుతో చిన్న బుట్టలా అల్లి అందులో గులకరాళ్ళు వేసి మూసి గిలక చేసి ఇచ్చేది. మన ఏటికొప్పాక లక్క గిలకలు అంకుడు కర్రతో ఎంత నున్నగా, ఎంత ముచ్చటగా ఉంటాయో చూసే ఉంటారు. ఇదీ ఆ జాతిదే.

ఇక పనిలోకి వద్దాం. సీసా సంగతి ముందు చెప్పాలి. గాజుది అసలే వద్దు. నీళ్ళ సీసాల్లో బాగా పల్చగా నలిగిపోయే రకం కూడా వద్దు, పిల్లాడు దాని మీద కూచుంటే చాలు పగులుతుంది. కాస్త మందంగా, లోపలిది స్పష్టంగా కనిపించేలా, పావు లీటరు పట్టేది చాలు. నేను మొదట్లో లీటరు సీసా తీసుకున్నాను, పెద్దదైతే ముచ్చటగా ఉంటుందని. నింపాక అది కిలో బరువు. వాడు ఎత్తలేక ఎత్తి కాలి వేళ్ళ మీద వేసుకున్నాడు. రెండు చేతుల మధ్య పట్టేది తీసుకోండి. కాగితం చీటీ ఊడకపోతే నీళ్ళలో నానబెట్టి, మిగిలిన జిగురు మీద కొబ్బరినూనె రుద్ది గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది. వేడి నీళ్ళు మాత్రం పొయ్యకండి, సీసా ముడుచుకుపోతుంది.

అన్నిటికంటే తేలికైనది నూనె-నీళ్ళ సీసా.

కావలసినవి: పావు లీటరు సీసా, కాచి చల్లార్చిన నీళ్ళు సగం, నూనె సగం, మిఠాయి రంగు చిటికెడు. అంతే.

చేసే విధానం: నీళ్ళలో రంగు కలిపి సీసాలో సగానికి పొయ్యండి. పైన నూనె మెల్లిగా గొంతు దాకా పొయ్యండి. గాలి ఎంత తక్కువుంటే అల అంత బాగా వస్తుంది. గాలి మిగిలితే నురగ బుడగలు ఎక్కువై లోపలిది కనిపించదు. నూనె నీటికంటే తేలిక కాబట్టి ఎన్నిసార్లు తిరగేసినా పైకే చేరుతుంది. మిఠాయి రంగు నీటికే అంటుతుంది, నూనెకి అంటదు. అందుకని కింద నీలంగా, పైన తేటగా రెండు పొరలు విడివిడిగా నిలబడతాయి. అడ్డంగా పెట్టి అటూ ఇటూ వంచితే అచ్చం కాకినాడ తీరంలో అలలా నెమ్మదిగా లేచి పడుతుంది. పసుపు వెయ్యాలని నాకు సరదా పుట్టింది. అది తిరకాసు! పసుపు రంగు నూనెకి పడుతుంది, నీటిలో మాత్రం మడ్డిలా అడుగున కూచుంటుంది. తాలింపులో పసుపు వేస్తే నూనె ఎలా మెరుస్తుందో మనం రోజూ చూస్తున్నదే కదా, అయినా సీసా చేసేటప్పుడు తట్టలేదు. బట్టల నీలిమందు మంచి రంగొస్తుంది గానీ అది వాడలేదు. సీసా కారితే వాడి నోట్లోకే కదా పోయేది.

ఒక సంగతి. సీసాని గిన్నెల సబ్బుతో తోమితే బాగా కడగండి. నేను ఒక సీసాలో సబ్బు జిడ్డు వదిలేశాను. ఒక్కసారి కుదిపేసరికి నూనె, నీళ్ళు కలిసిపోయి తెల్లగా మజ్జిగలా అయిపోయింది, మళ్ళీ విడిపడితే ఒట్టు. గిన్నెల జిడ్డు సబ్బుతో పోయేది ఇలాగే.

నూనెల్లో నాకు బాగా నచ్చింది కొబ్బరినూనె. వేరుశనగ నూనె పచ్చగా ఉంటుంది, కొబ్బరినూనె గాజులా తేటగా ఉంటుంది. ధనుర్మాసంలో ఒక పొద్దున్న వాడు లేచి సీసా తెచ్చి తిరగేశాడు. ఏమీ కదల్లేదు. పైన తెల్లటి గడ్డ. మళ్ళీ తిరగేశాడు, నాకేసి చూశాడు, సీసా నా మొహమ్మీద పెట్టాడు. "గడ్డకట్టింది నాన్నా, చలేసింది దానికి" అన్నాను. వాకిట్లో ఎండలో పీట వేసి ఇద్దరం కూచున్నాం. అంచుల దగ్గర కరిగి, మధ్యలో గడ్డ చిన్నదై చిన్నదై మాయమయ్యేదాకా వాడు లేవలేదు. "గడ్డ" అన్నాడు. అది ఆరో మాటో ఏడో మాటో. మధ్యాహ్నం అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, మీటింగులో ఉన్నాను మళ్ళీ చేస్తానంది. గొంతు మాత్రం వేరేగా ఉంది.

ఎండ మాట వచ్చింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. నీళ్ళు నిండిన తేట సీసా భూతద్దంలా పనిచేస్తుంది. కిటికీలో ఎండ తగిలేచోట పెట్టి మర్చిపోకండి, పక్కన కాగితమో గుడ్డో ఉంటే అంటుకోవచ్చు. దగ్గర కూచుని చూపించడం వేరు, వదిలేసి వెళ్ళడం వేరు.

రెండోది మెరుపుల సీసా. దీనికి మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కావాలి. చలికాలం పెదాలకి రాసుకుంటామే, అదే. ఉత్తి నీళ్ళలో చమ్కీలు వేస్తే గబగబా అడుగుకి దిగిపోతాయి, చూడ్డానికి ఏం ఉండదు. గ్లిజరిన్ చిక్కన కాబట్టి వాటిని పట్టి పట్టి వదులుతుంది. మూడొంతుల నీళ్ళకి ఒక వంతు గ్లిజరిన్‌తో మొదలెట్టండి. ఇంకా నెమ్మదిగా దిగాలంటే ఇంకాస్త పొయ్యండి. ముందే గిన్నెలో బాగా కలిపి అప్పుడు సీసాలో పొయ్యాలి, లేకపోతే గ్లిజరిన్ అడుగున చేరి కూచుంటుంది. చమ్కీలు కొన్ని మొండివి, నీటి మీదే తేలుతూ కిందికి రానంటాయి. గిన్నెల సబ్బు ఒక్క చుక్క వేస్తే మునుగుతాయి. చూశారా, మొదటి సీసాని పాడుచేసిన సబ్బే రెండోదానికి మందయింది. ఒక్క చుక్కే సుమండీ, రెండో చుక్క వేస్తే పైనంతా నురగ.

చమ్కీలు కొనక్కర్లేదు. మా అమ్మాయి ఆరో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి కట్టుకున్న డాన్సు లంగా ట్రంకుపెట్టెలో ఉంది. గుడ్డ చిరుగులు పట్టింది గానీ చమ్కీల మెరుపు పోలేదు. బ్లేడుతో దారాలు కోసి గుప్పెడు తీశాను. రంగు వెలిసిపోతుందేమోనని ఒక రాత్రి నీళ్ళలో వేసి చూసుకుని మరీ వేశాను. మీరూ అలా చూసుకోండి, కొన్ని రకాలు రంగు దిగి నీళ్ళన్నీ మురికిగా చేస్తాయి.

మూడోవి శబ్దాల సీసాలు. వీటికి నీళ్ళే అక్కర్లేదు. చిన్న సీసాల్లో బియ్యం, సగ్గుబియ్యం, ఆవాలు, బొబ్బర్లు, శనగలు ఒక్కొక్కదాంట్లో ఒక్కొక్కటి మూడోవంతుకి మించకుండా పొయ్యాలి. నిండా పోస్తే మోగవు. ఆవాలు ఇసక రాలినట్టు సన్నగా, శనగలు ధనధనా. ప్రతి శబ్దానికీ రెండేసి సీసాలు చేసి బయట కాగితం చుట్టేసి, ఏదానికి ఏది జతో చెవితోనే పోల్చమనొచ్చు. ఇది నా తెలివి కాదు. ఇటలీ దేశపు డాక్టరమ్మ మాంటిసోరీ గారి బడి సామగ్రిలో శబ్దాల డబ్బాలని ఇలాంటివే ఉంటాయి. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. మావాడు మాత్రం జతలు గితలు చూడడు, అన్నీ ఒకేసారి మోగిస్తాడు. మూడు నాలుగేళ్ళు దాటిన పిల్లలకి ఆ ఆట బాగుంటుంది.

గింజలు రెండు రోజులు ఎండబెట్టి, వేడి తగ్గాక పొయ్యండి. నేను పెసలు డబ్బాలోంచి తీసి నేరుగా పోసేశాను. నెల తిరక్కుండా సీసాలో పురుగులు. నేను పారెయ్యబోతే ఒకటే ఏడుపు. ఆ నెలలో నేను చేసిన సీసాలన్నిటిలోకీ వాడికి అదే నచ్చింది, వాటంతటవే కదిలే బొమ్మలు మరి!

ఇక ఇప్పుడు రాయబోయేది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకపోతే పైన రాసినదంతా తప్పే అవుతుంది.

మొదట్లో సీసాల మూతలకి ఫెవిక్విక్ రాసి బిగించేశాను. పట్టేసింది, లాగితే రాలేదు, నిశ్చింతగా ఉన్నాను. వారం తర్వాత ఒక మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల ఏదో జారిన చప్పుడు. వచ్చి చూస్తే బొబ్బర్ల సీసా మూత ఒకవైపు, గింజలన్నీ గచ్చు మీద, మధ్యలో వీడు. నోట్లో వేలుపెట్టి చూశాను, ఏమీ లేదు. ఏరేసి ఊరుకున్నాను. ఆ రాత్రంతా ముక్కు గీరుకుంటూనే ఉన్నాడు. పొద్దున టార్చిలైటు వేసి చూస్తే కుడి ముక్కులో తెల్లగా గింజ.

పిన్నీసు తీసుకుని నేనే లాగుదామని చెయ్యి దాకా వెళ్ళింది. మావారు చెయ్యి పట్టుకుని ఆపారు. కాకినాడలో ముక్కు-చెవి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన వంకర కొక్కెం లాంటిదేదో పెట్టి ఒక్క నిమిషంలో తీసేశారు. రాత్రంతా ముక్కు చెమ్మకి నాని బొబ్బరి గింజ ఇంతై కూచుంది. "ఇంట్లో తీసే ప్రయత్నం చెయ్యలేదు, మంచి పని చేశారు. లోపలికి నెడితే కష్టమయ్యేది" అన్నారు. నూనె చుక్కలూ నీటి చుక్కలూ వెయ్యకూడదట, గింజ ఇంకా ఉబ్బుతుంది. పిల్లలకి ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే జలుబని ఊరుకోకూడదని కూడా చెప్పారు. నేను అన్నీ తల ఊపుతూ వింటున్నాను గానీ కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. అదే గింజ ముక్కులోకి కాకుండా గొంతులోకి పోయి ఉంటే?

మా అమ్మాయికి చెప్పలేదు. అంత దూరంలో ఉన్నదానికి చెప్పి ఏం లాభం, కంగారు తప్ప, అని మావారితో అన్నాను. అసలు సంగతి అది కాదు, ఆటోలో అన్న మాట మళ్ళీ వినాల్సొస్తుందని భయం. వారం రోజులు ఫోనులో మామూలుగానే మాట్లాడాను. శనివారం పొద్దున్న అది వచ్చి, కాఫీ తాగుతూ సీసాలన్నీ ఏవని అడిగింది. అన్నీ అటక మీద దాచేశాను కదా. ఇక చెప్పక తప్పలేదు. విని గ్లాసు కింద పెట్టేసింది. "ఆ రోజే చెప్పుంటే నేనేం చేసేదాన్ని, ఏడ్చేదాన్ని. అయినా చెప్పాలమ్మా. నువ్వు బాగున్నప్పుడే చెప్తావని అనుకోవడం మొదలెడితే నేనక్కడ ఒక్క పూట ఉండలేను" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపయ్యాక తనే స్టూలేసుకుని అటక మీది సీసాలు దింపింది. "మూతలు ఎందుకు ఊడుతున్నాయో చూద్దాం పట్రా" అని గచ్చు మీద కూచుంది.

చూస్తే తెలిసిందేమిటంటే, సీసా ప్లాస్టిక్ ఒక రకం, మూత ప్లాస్టిక్ ఇంకో రకం. మూతది మైనంలా జారుడుగా ఉంటుంది. జిగురు పట్టినట్టే పట్టి, ఎండిపోయాక రేకులా ఊడి వచ్చేస్తుంది. అందుకని జిగురుని నమ్ముకోకూడదు. ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది. సీసా గొంతు మరల మీద పంపుల పనివాళ్ళు వాడే తెల్లటి టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు మూత తిరిగే దిశలోనే చుట్టి, మూత బలంగా బిగించాలి. నీరు కారకుండా ఇది ఆపుతుంది. తర్వాత మూత అంచునీ సీసా మెడనీ గరుకు కాగితంతో బాగా గీకి, ఎం-సీల్ పిండిలా కలిపి, మూత గీతల్లోకీ మెడ మీదికీ కలిసిపోయేలా కడియంలా మెత్తాలి. అది గీతల్లో కరుచుకుని గట్టిపడుతుంది కాబట్టి తిప్పినా రాదు. ఒక రోజంతా ఆరనిచ్చి, పైన ఎలక్ట్రీషియన్లు వాడే నల్ల టేపు నాలుగు చుట్లు. చేసేటప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు, అయ్యాక చేతులు కడుక్కోవాలి. తర్వాత సీసాని తలకిందులుగా కాగితం మీద ఒక రాత్రి ఉంచి, చెమ్మ దిగిందేమో చూడండి. బల్ల ఎత్తునించి రెండుసార్లు కింద పడేసి చూడండి. ఇంత చేసినా ప్రతి ఆదివారం మూత తిప్పి చూస్తాను. కాస్త కదిలినా, ఎక్కడ బీట కనిపించినా పారేయడమే. రంగు మారినా, వాసనొచ్చినా అంతే. మూత ఒక్కటే ఊడినా చాలు, అదీ గొంతుకి అడ్డం పడే సైజే.

ఇంత జాగ్రత్త పడ్డా, ఏనాటికైనా సీసా తెరుచుకుంటుందనే అనుకుని లోపల వేసేవి ఎంచుకోండి. మూడేళ్ళ లోపు పిల్లల సీసాల్లో నేనిప్పుడు బొబ్బర్లూ శనగలూ వెయ్యడం లేదు, బియ్యం, ఆవాలు, సగ్గుబియ్యంతో సరిపెడుతున్నాను. ఇవి కూడా పెద్దవాళ్ళు దగ్గరున్నప్పుడే.

కొన్ని మాత్రం ఏ వయసు పిల్లల సీసాలోనూ వెయ్యకండి. ఎర్రగా నల్ల చుక్కతో ముద్దొచ్చే గురివింద గింజలు చూస్తే సీసాలో వెయ్యాలనే అనిపిస్తుంది. నమిలితే ప్రాణం తీసే విషం అందులో ఉంది. ఆముదం గింజలూ, పచ్చగన్నేరు కాయలూ అంతే. ఇంట్లో ఉంటే ఈ రోజే తీసెయ్యండి. గడియారాల్లో, ఆడే బొమ్మల్లో ఉండే బిళ్ళ బ్యాటరీలు మింగితే గంటల్లో లోపల కాల్చేస్తాయి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల్ని నొక్కి అతుక్కుంటాయి. పూలకుండీల్లో వేసే, నీళ్ళలో ఉబ్బే రంగురంగుల ముత్యాలున్నాయి చూడండి, అవి కడుపులోకి పోయినా ఉబ్బుతాయి. సీసాలో బుడగలొస్తాయి కదాని ఈనోలూ వంటసోడా-నిమ్మరసాలూ పోసి మూత బిగించకండి, గాలి నిండి ఎగిరి కళ్ళకి తగులుతుంది. ఆ ముచ్చట తెరిచిన గ్లాసులో చూపించండి.

ఉత్తరం రాసిన సోదరి అడిగింది భోజనం సంగతి. నిజం చెప్పాలి కదా. సీసాలు దొరికిన కొత్తలో నేనూ అదే చేశాను, ఫోను బదులు మెరుపుల సీసా ముందు పెట్టి, వాడు నోరు తెరుచుకుని చూస్తుంటే ముద్దలు కుక్కాను. నాలుగు రోజులకి సీసా లేనిదే తినడం మానేశాడు. అంటే ఒకటి పోయి ఒకటి వచ్చిందన్నమాట! అప్పటినించి భోజనం దగ్గరికి ఏ సీసా రానివ్వలేదు. మాతోపాటు పీట వేసి, చిన్న పళ్ళెంలో పప్పన్నం కలిపి వాడి ముందే పెట్టేస్తాను. సగం తింటాడు, సగం పొట్టకి రాసుకుంటాడు. మొదటి వారం రెండు పూటలు ఏమీ తినలేదు. మూడో పూట ఆకలేసి తిన్నాడు. గచ్చు తుడుచుకోవడం నా పని. నాకు ఫోనుకంటే అదే తేలిగ్గా ఉంది.

సీసా ఇచ్చేసి మన పనికి మనం పోదామంటే మాత్రం కుదరదు. వాడి చేతిలో సీసా పెట్టి నేను టీవీ ముందు కూచుంటే రెండు నిమిషాల్లో విసిరేస్తాడు. పక్కన కూచుని "పైకి వెళ్ళింది, కిందికి వచ్చింది, అదిగో నీలం, ఇదిగో అల, మెల్లిగా" అంటుంటే అరగంటైనా ఉంటాడు. కూర తరుగుతూ కూడా అనొచ్చు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, తల్లి గుర్తొచ్చి బెంగపడే వేళ, మెరుపుల సీసా ఒక్కసారి కుదిపి ఒళ్ళో పెట్టుకుంటాను. చమ్కీలన్నీ దిగేదాకా ఇద్దరం మాట్లాడం. దిగాక "ఇంకోసారా?" అంటాను. ఎక్కువ రోజులు ఇంకోసారే.

మూడు నెలలకి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. మాటలు పెరిగాయి, నలభై దాకా లెక్కపెట్టాం, రెండు మాటలు కలిపి "అల పైకి" అంటున్నాడు. ఇంకా చూస్తూ ఉండాలన్నారు. మీ ఇంట్లో ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోతే, పిలిస్తే చూడకపోతే, వచ్చిన మాటలు పోతే, సీసాలు చేస్తూ కూచోకండి, ముందు డాక్టరుకి చూపించండి. మగపిల్లలకి మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని నాతోనూ పదిమంది అన్నారు. వాళ్ళ మాట విని ఆరు నెలలు పోగొట్టాను.

కిందటి ఆదివారం రాత్రి స్టేషనుకి వాడినీ తీసుకెళ్ళాం. బండి రాగానే ఎప్పటిలా ఏడుపు అందుకుంటాడనుకున్నాను. చంకలో ఉన్న మెరుపుల సీసా తల్లి సంచిలో కుక్కాడు. వాళ్ళమ్మ చిన్నప్పటి లంగా చమ్కీలవే. అది ఆఫీసు బల్ల మీద పెట్టుకుందట. ఎవరైనా అడిగితే మా అబ్బాయిచ్చాడని చెబుతోంది. మర్నాడు ఫోను చేసి ముందు చెప్పిన మాటేమిటో తెలుసా? "రాత్రంతా బండి కుదుపుల్లో ఉన్నా మూత ఊడలేదమ్మా."

మాకు ఇంకొకటి చేసుకోవాల్సొచ్చింది. గ్లిజరిన్ సీసా పెద్దది కొంటే సగం మిగిలిపోతుంది, పారెయ్యకండి. సమానంగా పన్నీరు కలిపి రాత్రి పడుకోబోయే ముందు పగిలిన మడమలకి రాసి సాక్సు వేసుకోండి. వారం రోజుల్లో తేడా కనిపిస్తుంది.